ఖాజా మాస్టర్ ముక్కు మందు

ముక్కోటి ఏకాదశికి వచ్చిన జనం ఇంకా ఊళ్ళో పల్చబడకముందే నన్ను ఖమ్మం నుంచి భద్రాచలం వేశారు. కరోనా వెళ్ళి రెండేళ్ళు కావస్తోంది, నా సర్వీసు ఇంకో ఏడాదే మిగిలింది. మాది మానసిక వైద్యం చేసే ప్రైవేటు దవాఖానా. ఖమ్మంలో పెద్దది, భద్రాచలంలో చిన్న బ్రాంచి. చర్ల, పినపాక వైపు పేషెంట్లు ఖమ్మం దాకా తిరగలేక మధ్యలోనే వైద్యం మానేస్తున్నారని ఆ బ్రాంచి పెట్టారు. నా హోదా నర్సింగ్ ఇన్‌చార్జ్. అంటే డాక్టర్ చెప్పింది చేయించడం, చేయని వాళ్ళను తిట్టడం, తిట్టాక కూచోబెట్టి టీ తాగించడం. ముప్పై ఏళ్ళకు పైగా నేను చేసిన ఉద్యోగం ఈ మూడు పనులే.

అక్కడ నాకు కొత్తగా అప్పగించింది స్ప్రే గది. డిప్రెషన్‌కు ముక్కులో కొట్టే మందు ఒకటి వచ్చిందని ఖమ్మంలో ఉండగానే శిక్షణ ఇచ్చారు. ఎవరికి పడితే వాళ్ళకు ఇచ్చేది కాదు. రెండు వేర్వేరు రకాల మాత్రలు, ఒకదాని తరువాత ఒకటి, సరైన మోతాదులో, సరిపడా వారాలు వాడినా మనిషి లేవకపోతే దాన్ని మందులకు లొంగని డిప్రెషన్ అంటారు. అట్లాంటి వాళ్ళకే ఇది. రోజూ వేసుకునే మాత్ర మానకుండా దానికి తోడుగా ఇస్తారు.

మత్తు మందుల కుటుంబంలోది కనుక తాళం వేసిన అల్మరాలో ఉంటుంది, ఇంటికి ఇచ్చి పంపడం ఉండదు. పేషెంటు మా దగ్గరికే రావాలి. రెండు గంటల ముందు నుంచి తిండి తినకూడదు, అరగంట ముందు నుంచి నీళ్ళు తాగకూడదు, ఎందుకంటే కొందరికి కడుపులో తిప్పుతుంది. ముందు బీపీ చూస్తాం. ఎక్కువుంటే ఆ రోజు మందు లేదు, ఎంత బతిమాలినా లేదు. బాగుంటే ముక్కు చీదించి, కుర్చీ వెనక్కి వాల్చి, పరికరం పేషెంటు చేతికే ఇస్తాం. ఒక్కో ముక్కు రంధ్రంలో ఒకసారి కొట్టుకుని మెల్లగా లోపలికి పీల్చాలి. కాసేపు ఆగి రెండో పరికరం. తరువాత రెండు గంటలు నా కళ్ళ ముందే ఉండాలి. మందు ఎక్కగానే బీపీ పెరుగుతుంది, మనిషికి తన ఒళ్ళే తనకు కాస్త దూరం జరిగినట్టు ఉంటుంది. కొందరు భయపడతారు, కొందరు నవ్వుతారు, చాలామంది ఊరికే పడుకుంటారు. మర్నాడు నిద్ర లేచేదాకా బండి నడపకూడదు. మొదటి నాలుగు వారాలు వారానికి రెండుసార్లు, తరువాత వారానికి ఒకటి. ఇంతే సంగతి. చెప్పడానికి ఇంతే గానీ, చేయించడానికి తల ప్రాణం తోకకు వస్తుంది.

ఆ గదికి మొదట వచ్చిన వాళ్ళలో ఒకాయన ఖాజా. ఊళ్ళో అందరూ ఖాజా మాస్టర్ అనేవాళ్ళు. వంట మాస్టర్. చర్ల నుంచి పినపాక దాకా ఎవరింట్లో పెళ్ళైనా, ఏ మతం వాళ్ళదైనా, మనిషి లోపల కూచోగలిగినంత పెద్ద గుండిగలు దించేది ఆయనే. తాతల నాటి నుంచి వాళ్ళ కుటుంబానికి అదే పని. తమ్ముడు పొయ్యి మంట చూసుకుంటే అన్న రుచి చూసేవాడు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు తమ్ముడు పోయాడు. ఆ తరువాత పెళ్ళిళ్ళు మళ్ళీ మొదలయ్యాయి గానీ ఖాజా మాస్టర్ లేవలేదు. ఏడాది దుఃఖమే అనుకున్నారు. ఆపైన మాత్రలు మొదలుపెట్టారు, మార్చారు, మోతాదు పెంచారు. మా డాక్టర్ శ్రీకాంత్ గారి దగ్గరికి వచ్చేసరికి ఆయన గుండిగల మీద బూజు పట్టి రెండేళ్ళు దాటింది.

మొదటి రోజు నేను, ఎట్లున్నవ్ ఖాజా భాయ్ అని అడిగితే జవాబిచ్చాడు.

"సావాలని కాదు సిస్టర్. బతుకుడెందుకో యాదికొస్తలేదు."

ఆయన మాట కంటే ఆయన భార్య రజియా చెప్పింది నన్ను ఎక్కువ భయపెట్టింది. అంతకుముందు చలికాలంలో ఆయన ఒకసారి చావు అంచుదాకా వెళ్ళి వచ్చాడు. అప్పటి నుంచి ఇంట్లో ఆయన్ని ఒంటరిగా వదలకుండా తనూ, కూతురూ వంతులు వేసుకుంటున్నారు. రజియా బడి యూనిఫాంలు కుట్టి ఇల్లు నడుపుతోంది. మిషను దగ్గర కూచున్నా ఒక కన్ను మంచం మీదే ఉంటుందని చెప్పింది. ఈ మందు కూడా పనిచేయకపోతే తరువాత ఏముందని అడిగింది. ఉన్నాయమ్మా, కరెంటు వైద్యం ఉంది, ఇంకా ఉన్నాయి అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆయన అంతదాకా ఆగుతాడా అన్నది ఆమె ప్రశ్న అని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

ముందు రెండుసార్లు ఏమీ తేడా లేదు. మందు ఎక్కినప్పుడు మాత్రం, ఎట్లుంది భాయ్ అంటే, "దమ్ మీదున్న డేగ్ మూత తీసి ఆవిరిల తలకాయ పెట్టినట్టున్నది" అన్నాడు. డేగ్ అంటే గుండిగే, వంటవాడి నోట పొయ్యి మాట వచ్చింది కదా అని నేను సంబరపడ్డాను. గొంతులోకి దిగే చేదుకు మాత్రం మొహం చిట్లించేవాడు. చేదు పోవడానికి చివర్లో పటికబెల్లం ముక్క ఇచ్చేదాన్ని.

ఈ రెండు గంటల కాపలాలో రజియా నాకు దగ్గరైంది. ఆయనకు ఇంటికి పోయేముందు తినిపించడానికి డబ్బాలో ఖిచిడీ తెచ్చేది. ఒకరోజు బలవంతం చేసి నాకూ పెట్టింది. నోట్లో పెట్టుకుంటే చప్పిడి. ఉప్పు లేదంటే లేదు. ఊరంతా లొట్టలు వేసుకుంటూ తిన్న వంట మాస్టర్ భార్య చేతి ఖిచిడీ ఇదా అని ఆశ్చర్యపోయాను. మొగుడి విద్య ఈమెకు గింజంత కూడా అంటలేదనుకున్నాను. ఆయన మాత్రం తలెత్తకుండా డబ్బా ఖాళీ చేశాడు. రోగిష్టివాడి దగ్గర రుచుల పంచాయితీ ఎందుకులే అని నేనూ మింగేశాను.

మూడో వారానికి మార్పు కనిపించింది. పెద్దదేమీ కాదు. గడ్డం దువ్వుకుని వచ్చాడు. తలుపు దగ్గర నాకు సలాం చేశాడు. రాత్రి నాలుగైదు గంటలు పడుకుంటుండని రజియా చెప్పింది. డాక్టర్ గారు వారం వారం వేసే ప్రశ్నల్లో మార్కు తగ్గుతూ వచ్చింది. ఈ జబ్బులో మార్కు తగ్గితే మంచిది. ఇంకో రెండు వారాలు తప్పకుండా వస్తే గట్టున పడతాడని, మధ్యలో ఆపితే మళ్ళీ అదే గుంతలోకి జారతాడని డాక్టర్ గారు రజియాకు స్పష్టంగా చెప్పారు.

సరిగ్గా అప్పుడే, శివరాత్రి వెళ్ళిన వారానికి, రంజాన్ నెల వచ్చింది.

రోజా అంటే తెల్లవారుజాము నుంచి పొద్దుగుంకే దాకా గొంతులోకి ఏదీ దిగకూడదు. ముక్కులో వేసిన మందు గొంతులోకి దిగితే రోజా పోతుందని వాళ్ళ నమ్మకం. ఈ మందు దిగుతుంది, ఆ చేదే సాక్ష్యం. నేను ముందే రజియాను అడిగాను. మసీదు హజ్రత్ గారిని అడిగామని, జబ్బు మనిషికి మాఫీ ఉంటుందని, నయమయ్యాక ఆ రోజాలు తీర్చుకోవచ్చని ఆయన చెప్పారని అంది. ఖాజా మాస్టర్ కూడా పక్కనే ఉండి తలాడించాడు. అయితే సమస్యే లేదు, ఎప్పటిలాగే పొద్దున పదింటికి రండి అన్నాను.

వచ్చాడు. బీపీ చూశాను, ముక్కు చీదించాను, పరికరం ఇచ్చాను. కొట్టుకున్నాడు. ఆ పరికరం మీద రెండు చుక్కలుంటాయి. ఒక్కో స్ప్రేకు ఒక చుక్క మాయమవుతుంది. రెండూ పోయాయి, అంటే మందు పూర్తిగా బయటికి వచ్చిందన్నమాట. చేదుకు చాలామంది చేసినట్టే రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. కానీ తరువాత బీపీ చూస్తే పెరగాల్సింది పెద్దగా పెరగలేదు. మందు ఎక్కినప్పుడు నేను అడిగే ప్రశ్న ఒకటుంది. ఎక్కడున్నవ్ భాయ్ అంటాను. ఎప్పుడూ ఆగి ఆగి, ఇక్కడనే ఉన్న గానీ దూరంగున్న అనేవాడు. ఆ రోజు ఠక్కున, "కుర్చీల ఉన్న సిస్టర్" అన్నాడు. ఒక్కోరోజు ఒక్కోలా ఉంటుందిలే అనుకుని రాసి పెట్టుకున్నాను.

ఆ వారంలోనే రెండోసారి వచ్చినప్పుడు రజియా మొహం వాడిపోయి ఉంది. మల్ల గోడ దిక్కు తిరిగి పండుకుంటుండు, పిలిస్తే పలుకుతలేడు అని చెప్పింది. కూతురూ తనూ మళ్ళీ వంతులు వేసుకుంటున్నారట. ఈసారి నేను స్టూలు దగ్గరికి లాక్కుని ఆయన మొహం మీదే కన్ను పెట్టి కూచున్నాను. కొట్టుకుంటూ ఊపిరి బిగబట్టాడు. రుమాలు అడ్డం వచ్చింది, తల కిందికి వంగింది. ముక్కు తుడిచాడు, గొంతు సవరించుకున్నట్టు సవరించుకుని రుమాలులో ఊశాడు. ఒక్క క్షణంలో అయిపోయింది, ఎంత నేర్పుగా చేశాడంటే పక్కనున్న రజియాకే తెలియలేదు. నేను రుమాలు లాక్కున్నాను. తడిసి ఉంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, మా ఆయన నుంచి మా డాక్టర్ల దాకా అందరికీ తెలుసు. రెండో పరికరం చేతిలోంచి తీసేసుకుని గట్టిగానే అరిచాను.

"ఏంది ఖాజా భాయ్ ఇది? నీకు మందిస్తున్ననా, నీ రుమాలుకు ఇస్తున్ననా? నీ పెండ్లాం కండ్లల్ల వత్తులేసుకుని నిన్ను కాస్తుంటే నువ్వు చేసే పని ఇదా?"

ఆయన ఏమీ దాచలేదు. తల వంచుకునే చెప్పాడు.

"రోజాలల్ల వంట చేస్తం కద సిస్టర్. ఉప్పు చూడకుంటే ఎట్ల? నాలిక కొసకు అంటిచ్చి, రుచి చూసి, ఊసేస్తం. లోపలికి పోనియ్యం. గట్లనే చేసిన."

నిజమే. ఉపవాసం ఉండి ఇతరులకు వండే వంటవాడికి ఆ వెసులుబాటు ఉందట. ముప్పై ఏళ్ళు రంజాన్ నెలలో హలీం గుండిగల ముందు నిలబడి, చుక్క మింగకుండా ఉప్పూ కారం చెప్పగలిగిన మనిషి ఆయన. ఆ విద్యను ఇప్పుడు నా మందు మీద ప్రయోగించాడు. మందు తీసుకోనంటే మేం ఒప్పుకోం, తీసుకుంటే రోజా పోతుంది. కనుక తీసుకున్నట్టే తీసుకుని ఊసేశాడు. 

హజ్రత్ మాఫీ ఇచ్చిండు కదా, మరి నీకేమైంది అని రజియా ఏడుస్తూ నిలదీసింది. ఆయన జవాబు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"హజ్రత్ ఇచ్చిండు, నాకే వద్దు. రెండేండ్ల సంది నాకు ఏదీ కావాలనిపియ్యలే. తిండి గాని, నిద్ర గాని, బిడ్డ మొఖం గాని. చాంద్ కనవడ్డదని పిల్లలు ఒర్రుతుంటే, నేను సుత రోజాలుండాలె అనిపిచ్చింది. గది ఒక్కటే అనిపిచ్చింది. అది సుత తీసేస్తే నా దగ్గర ఇంకేమున్నది సిస్టర్?"

మా ఇంట్లో ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమ దినాల్లో మాంసం ముట్టం. ఆ రోజుల్లో నేను టీ కూడా మానేస్తాను. టీ లేని నన్ను భరించడం ఎంత కష్టమో మా వాళ్ళు చెప్తారు. కనుక ఉపవాసం ఎందుకుంటారో నాకు ఒకరు చెప్పనక్కరలేదు. కానీ నన్ను ఆపింది అది కాదు. డిప్రెషన్ అంటే ఏడుపు కాదు, దిగులు కాదు, కావాలని అనిపించకపోవడం. శిక్షణలో అదే మొదటి పాఠం. ఈ మనిషికి రెండేళ్ళ తరువాత ఒకటి కావాలనిపించింది. అనిపించేలా చేసింది మా మందే. ఇప్పుడు ఆ కోరికే మందుకు అడ్డం పడింది. ఏసుప్రభువా, ఇదెక్కడి తిరకాసు అనుకుంటూ డాక్టర్ గారి గదికి నడిచాను.

డాక్టర్ శ్రీకాంత్ గారు వయసులో నా కొడుకంత, నిదానంలో నా తండ్రంత. పొద్దుగుంకాక మందు ఇద్దామని నేను చెప్పగానే వద్దన్నారు. ఆయన కారణాలు ఆయనకున్నాయి, అన్నీ సరైనవే. భద్రాచలంలో మార్చి ఎండలో చుక్క నీరు లేకుండా ఉన్న మనిషికి ఒంట్లో నీరు తగ్గుతుంది, దాని మీద ఈ మందు పడితే బీపీ ఎటు పోతుందో తెలియదు. పైగా జబ్బు మనిషికి మతంలోనే మాఫీ ఉన్నప్పుడు మనం ఎందుకు సాహసం చేయాలి అన్నారు. మాఫీ మనం ఇవ్వొచ్చు సార్, తీసుకోవాల్సింది ఆయన కదా అన్నాను. ఉపవాసం మాన్పిస్తే మందు మింగుతాడు, నిజమే. కానీ రెండేళ్ళకు పుట్టిన ఒక్క కోరికను మనమే నలిపేసి, ఇంకో కోరిక పుట్టించడానికి మందు ఇస్తామా అని అడిగాను. నా గొంతు పెరిగిందని కూడా తరువాత చెప్పారు. ఆయన పెన్ను మూత తీశారు, పెట్టారు. చివరికి ఆలోచిస్తానన్నారు.

ఆ మధ్యాహ్నమే ఖమ్మంలో పెద్ద డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడి పద్ధతి తేల్చారు. తేల్చాక చూస్తే వింతగా అన్నీ ఒకదానికొకటి అతికాయి. రోజాలో ఉన్న మనిషి రెండు గంటలేమిటి, పొద్దుటి నుంచీ ఏమీ తినడు, కనుక తిండి నియమం దానంతటదే నెరవేరింది. అజాన్ వినపడగానే ఖర్జూరం బదులు నీళ్ళతో రోజా విడవాలి. కడుపునిండా కాదు గానీ దాహం తీరేట్టు తాగాలి. నీళ్ళకూ మందుకూ మధ్య అరగంట ఉండాలి కదా, ఆ అరగంటలో పొద్దుగుంకాక చేసే మగ్రిబ్ నమాజు చేసుకుని కాసేపు కూచోవచ్చు. అప్పుడు బీపీ చూసి మందు. రెండు గంటలు అయ్యాక భోజనం. రోజువారీ మాత్ర ఆ భోజనం తరువాత. డాక్టర్ గారు మాత్రం మూడు షరతులు పెట్టారు. మందు ఉన్న రోజు మధ్యాహ్నం ఎండలో తిరగకూడదు. పగలు కళ్ళు తిరిగినా, నీరసం అనిపించినా అక్కడికక్కడే నీళ్ళు తాగాలి, వాదం లేదు. సాయంత్రం బీపీ బాగాలేకపోతే ఆ రోజు మందు లేదు. ఒక్కటి తప్పినా మళ్ళీ పొద్దుటి వేళకే అని ఖాజా మాస్టర్‌కు ఎదురుగా కూచోబెట్టి చెప్పారు. ఇది ఈ ఒక్క మనిషికి, ఆయన ఒంటిని చూసి చేసిన ఏర్పాటు, అందరికీ చెప్పే పద్ధతి కాదని నాతో కూడా గట్టిగా అన్నారు. ఇక్కడా అదే చెబుతున్నాను, చదివిన వాళ్ళెవరూ సొంతంగా మందు వేళలు మార్చుకోవద్దు.

"అవ్ సార్. రుమాలు ఇంటికాడనే పెట్టొస్త" అన్నాడు ఖాజా మాస్టర్. నవ్వలేదు గానీ, నవ్వించాలని అన్న మాటే అది.

డాక్టర్ గారు రోజూ అయిదింటికి కొత్తగూడెం వెళ్ళిపోయేవారు. వారానికి రెండు రోజులు ఆగడం మొదలుపెట్టారు. నేనెలాగూ దవాఖానా వెనకే కిరాయి గదిలో ఉండేదాన్ని.

మొదటి సాయంత్రం నేను ముందే గది సర్దాను. స్ప్రే గదిలో పడమటి గోడ ఖాళీ చేసి ఆక్సిజన్ సిలిండర్ పక్కకు జరిపాను. ఆయన చాప పరుచుకున్నాడు. అజాన్ వినగానే గ్లాసు ఎత్తి దువా చదువుకుని నీళ్ళు తాగాడు. నమాజు చేసుకున్నాడు. బీపీ మునుపటి పొద్దుటి వేళల్లో కంటే బాగుంది. కుర్చీలో వాలి, పరికరం తీసుకుని, నా కళ్ళలోకి చూస్తూ లోపలికి పీల్చాడు. చేదుకు మొహం చిట్లింది. ఆ చిట్లింపు చూస్తే నాకు కలిగిన ఆనందం చెప్పలేను. కాసేపటికి ఎక్కడున్నవ్ భాయ్ అన్నాను. చాలాసేపు ఆగి, "దూరంగున్న సిస్టర్" అన్నాడు. రజియా గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది.

తరువాత అంతా సాఫీగా జరిగిందని చెప్పను. ఒకరోజు బీపీ ఎక్కువుంది. మళ్ళీ చూశాం, మళ్ళీ ఎక్కువే. డాక్టర్ గారు లేదన్నారు. ఆటోలో ఇంటికి పంపి మర్నాడు పిలిపించాం. ఆయన గొణగలేదు. ఇంకో రోజు మధ్యాహ్నం కళ్ళు తిరిగితే మాట ప్రకారం నీళ్ళు తాగాడట. రోజా పోయిందని బాధపడ్డాడా అని రజియాను అడిగితే, కోపానికొచ్చిండు అని చెప్పింది. ఎవరి మీద అన్నాను. ఎండ మీద అంది. కోపం రావడం మాకు మంచి కబురే. రుమాలు పాలైన ఆ రెండు సార్లకు బదులుగా డాక్టర్ గారు వారానికి రెండుసార్లను ఇంకొంత కాలం పొడిగించారు.

నెల ఆఖరికి వచ్చింది. ఊళ్ళో శ్రీరామనవమి కల్యాణానికి పందిళ్ళు వేస్తున్నారు, సాయంత్రాలు కర్రలు దించే చప్పుడు మా గదిలోకి వచ్చేది. ఆ రోజు రెండు గంటలూ గడిచాయి. బీపీ దిగింది. డాక్టర్ గారు వచ్చి చూసి, తినొచ్చు అన్నారు. రజియా డబ్బా మూత తీసి ఎప్పటిలాగే ఖిచిడీ ముందు పెట్టింది. నేను చార్టు రాసుకుంటున్నాను. ఆయన ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు. డబ్బాలోకి చూశాడు.

"ఉప్పేది?"

రజియా కదల్లేదు. ఏందీ అంది, చాలా మెల్లగా.

"ఏందేంది? ఉప్పెయ్యలే నువ్వు. గిదేం ఖిచిడీ?"

ఆమె ఒక్కసారిగా భోరుమంది. ఏడుస్తూనే మొగుణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. రెండేండ్ల సంది ఉప్పు లేకుండనే పెడ్తున్న, ఇయ్యాల అడిగినవా, ఇయ్యాల తెల్సిందా నీకు అని ఆయన భుజం మీద కొట్టింది. సంగతి నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. తమ్ముడు పోయిన కొన్నాళ్ళకు ఒకరోజు పరధ్యానంలో ఆమె ఉప్పు వేయడం మరిచిపోయింది. ఉప్పు ఒక గింజ ఎక్కువైందని పెళ్ళివారి ముందే గుండిగ దింపించిన మనిషి ఆ అన్నమంతా మాట్లాడకుండా తిని లేచాడు. ఆమెకు భయమేసింది. మర్నాడు కావాలనే వేయలేదు. ఆ తరువాత ఒక్క రోజూ వేయలేదు. కూతురూ తనూ పైన చల్లుకుని తినేవాళ్ళు. ఆయనకు మాత్రం చప్పిడిదే పెట్టి, ఎదురుగా కూచుని, ఈ పూట అడుగుతడేమో, ఈ పూట అడుగుతడేమో అని చూసేది. నాకు బలవంతంగా పెట్టిన ఖిచిడీ కూడా ఆయన అడుగుతాడేమోనని అట్లా వండిందే. నేనేమో ఆమెకు వంట రాదనుకున్నాను.

మరి ఇప్పుడు ఉప్పెక్కడ తేవాలి? మా దవాఖానాలో ఉప్పంటే సెలైన్ సీసాల్లో ఉన్నదే. డాక్టర్ గారు వెళ్ళి తన టిఫిన్ డబ్బాలోంచి వాళ్ళమ్మ పెట్టిన మామిడికాయ పచ్చడి తెచ్చారు. ఖాజా మాస్టర్ కలుపుకుని తిన్నాడు. తిని, డాక్టర్ గారి వంక చూసి, చెప్పనా వద్దా అన్నట్టు ఆగి, చెప్పేశాడు.

"మెంతులు మాడినయ్ సార్."

డాక్టర్ గారు నవ్వారు. రజియా చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నేను మొహం పక్కకు తిప్పుకుని చార్టు రాశాను. ఆ చార్టులో 'రుచి తెలుస్తోందా' అన్న ప్రశ్న కూడా ఉంది. వారం వారం ఆయన తెలుస్తుందనే చెప్తూ వచ్చాడు.

నేను రిటైరయ్యేనాటికి ఖాజా మాస్టర్ రెండు వారాలకు ఒకసారి వచ్చేవాడు. మళ్ళీ వంటకు దిగాడు. పెద్ద పెళ్ళిళ్ళు కాదు, చిన్న ఫంక్షన్లు. పొయ్యి మంట చూడడానికి కూతుర్ని పెట్టుకున్నాడు. తమ్ముడి మాట వస్తే ఇప్పటికీ లేచి బయటికి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వస్తాడు. అది జబ్బు కాదు, దానికి మందు లేదు. ఈ స్ప్రే అందరికీ ఇట్లా పనిచేస్తుందని నేను చెప్పను. అన్ని నియమాలూ పాటించినా ఏ మార్పూ రాని వాళ్ళను ఆ గదిలోనే చూశాను, వాళ్ళను వేరే వైద్యానికి పంపాం.

ఆ నెల తరువాత నేను పని చేసే తీరులో ఒక్కటే మారింది. కొత్త పేషెంటు వస్తే బీపీ పట్టీ చుట్టే ముందు, ఇప్పుడు నీకేం కావాలనిపిస్తోంది అని అడిగేదాన్ని. ఏం లేదంటే అదే రాసుకునేదాన్ని. ప్రతిసారీ మళ్ళీ అడిగేదాన్ని. ఎప్పుడైనా ఒకటి చెబితే, అది మా వేళలకు అడ్డమొచ్చేదైనా సరే, వద్దనే ముందు వేళ మార్చగలమా అని డాక్టర్ గారిని అడిగేదాన్ని. మార్చలేని సందర్భాలే ఎక్కువ. అయినా అడగాలి. ఖాజా మాస్టర్‌కు రెండేళ్ళ తరువాత కావాలనిపించిన వాటిలో మొదటిది ఉపవాసం, రెండోది ఉప్పు. మొదటిదాన్ని మేం కాదని ఉంటే, రజియా ఇప్పటికీ చప్పిడి ఖిచిడీయే వండుతూ ఉండేది.